46 ఏళ్ళు, నెలసరి గాడి తప్పింది: హార్మోన్లు వాడాలా, వద్దా?

గోదారి_లెక్కల_టీచర్
జూన్ 14, 2025, రాత్రి 11:48

అందరికీ నమస్కారం. ఇక్కడ రెండేళ్ళుగా చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. ఇవాళ నిద్ర పట్టక రాస్తున్నా.

నాకు 46. రాజమండ్రి దగ్గర హైస్కూల్లో లెక్కలు చెబుతాను. పోయిన దసరా దాకా నెలసరి 28 రోజులకి ఠంచనుగా వచ్చేది. తర్వాత ఒకసారి 19 రోజులకే వచ్చింది, ఇంకోసారి 47 రోజులకి. మార్చిలో వచ్చింది 11 రోజులు ఆగలేదు, గడ్డలు గడ్డలుగా పోయింది. రాత్రి మూడింటికి చెమటతో జాకెట్టు తడిసిపోయి మెలకువ వస్తుంది, ఇక తెల్లారేదాకా పైకప్పు చూస్తూ పడుకోవడమే. పోయిన వారం తొమ్మిదో తరగతిలో బోర్డు మీద లెక్క చేస్తుంటే మెడ దగ్గర మొదలై మొహమంతా సెగ కొట్టింది. చేతిలో సుద్దముక్క తడిసిపోయింది. తర్వాతి మెట్టు ఏమిటో గుర్తు రాలేదు. ఇరవై ఏళ్ళుగా చెబుతున్న లెక్క అది! వెనక బెంచీ పిల్లాడు లేచి ఫ్యాను పెంచాడు, వాడికి దండం పెట్టాలనిపించింది.

ముగ్గురు డాక్టర్ల దగ్గరికి వెళ్ళాను. మొదటి ఆవిడ ఎఫ్‌ఎస్‌హెచ్ అనే రక్తపరీక్ష (అండాశయాన్ని పనిచేయించే హార్మోన్‌ది) చేయించారు, 11 వచ్చింది. "అంతా నార్మల్, టెన్షన్ తగ్గించుకోండి" అని బి కాంప్లెక్స్ రాశారు. రెండో ఆవిడ ఐదు నిమిషాల్లో మూడు నెలలకి హార్మోన్ మాత్రలు రాసి పంపేశారు, అవి ఏమిటో, ఎందుకో చెప్పలేదు. మూడో ఆయన, "ఇద్దరు పిల్లలు ఉన్నారుగా, ఇంక గర్భసంచితో ఏం పని, తీసేద్దాం" అన్నారు.

మా పెద్దమ్మకి 68వ ఏట రొమ్ము క్యాన్సర్ వచ్చింది. అందుకే హార్మోన్ అంటే ఇంట్లో అందరికీ హడలు. ఆ మాత్రలు ఇంకా బీరువాలోనే ఉన్నాయి, ఒక్కటీ మింగలేదు.

నా ప్రశ్న ఒక్కటే. నాకు ఇవి నిజంగా అవసరమా? అవసరమో కాదో తేల్చే పరీక్ష ఏదైనా ఉందా?

విశాఖ_వదిన
జూన్ 15, ఉదయం 6:10

అమ్మాయ్, ముందు ఆ మూడో ఆయన దగ్గరికి మళ్ళీ వెళ్ళకు.

నాకిప్పుడు 53. ఏ హార్మోనూ వాడకుండానే గట్టెక్కాను. 47లో మొదలైంది, 50కి ముట్లు పూర్తిగా ఆగాయి. నాకు రోజుకి మూడు నాలుగు ఆవిర్లు (నీకు క్లాసులో కొట్టినలాంటి సెగ) వచ్చేవి, అంతే. రాత్రి నిద్ర బాగానే పట్టేది. పొద్దున్నే బీచ్ రోడ్డులో నడక, సాయంత్రం కాఫీ మానేయడం, పడకగదిలో చిన్న టేబుల్ ఫ్యాను, వీటితో సరిపోయింది. కానీ నువ్వు చెప్పేది నాకు వచ్చినదానికంటే చాలా ఎక్కువ. నాకు సరిపోయింది కదా అని నీకూ చాలని నేను చెప్పను.

నువ్వులుండ
జూన్ 15, ఉదయం 7:32

మన అమ్మమ్మలు ఏ హార్మోన్లు మింగారు? పన్నెండుమందిని కని, పొలం పని చేసి, 90 ఏళ్ళు బతికారు. ఇది ప్రకృతి సహజం. జబ్బు కానిదాన్ని జబ్బు అని చెప్పి మందులు అమ్ముకుంటున్నారు. నువ్వులు, బెల్లం, అవిసె గింజలు, సోయా తినండి. ప్రాణాయామం చేయండి.

చందన_నల్గొండ
జూన్ 15, ఉదయం 9:05

నువ్వులుండ గారూ, మా నానమ్మ కూడా 88 ఏళ్ళు బతికింది. 45 దాటినంక "పిచ్చి పట్టింది" అని ఆమెను రెండేళ్ళు వెనక గదిలో పండబెట్టిన్రు. రాత్రిళ్ళు లేచి వాకిట్ల తిరిగేది, చీర ఊడదీసి విసనకర్రతో విసురుకునేది. అది ఏందో ఎవరికీ తెల్వదు. బతకడం వేరు, ఎట్ల బతికిన్రు అన్నది వేరు.

టీచరక్కా, నా సంగతి వినండి. నాకు 33 ఏళ్ళప్పుడు తెల్లబట్ట, కడుపునొప్పి అని పోతే ఒక ప్రైవేటు ఆస్పత్రిలో క్యాన్సర్ అయితదని భయపెట్టి గర్భసంచి తీసేసిన్రు. అండాశయాలు కూడా తీసేసిన్రని నాకు రెండేళ్ళ తర్వాత వేరే డాక్టర్ స్కాన్ చేసి చెప్తే తెలిసింది. ఆపరేషన్ అయిన పదిహేను రోజులకే మీరు చెప్పినవన్నీ మొదలైనయి, ఒక్కసారే. 41 వచ్చేసరికి మెట్టు దిగుతుంటే జారి మణికట్టు విరిగింది. ఎముకలు అరవై ఏళ్ళ మనిషివి లెక్క ఉన్నయన్నరు. నాకు హార్మోన్లు కావాల్సి ఉండె, ఎవ్వరూ రాయలే. మీకేమో అడగకముందే రాసిన్రు. గిట్లుంటది.

లైబ్రరీ_సుజాత
జూన్ 15, ఉదయం 11:20

చందన గారి మాట ఒక్కరి దురదృష్టం కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) లెక్కల్లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి 3 మంది అయితే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 మంది, తెలంగాణలో దాదాపు 8 మంది. మన రెండు రాష్ట్రాలే ముందున్నాయి. 2023లో సుప్రీంకోర్టు కూడా అనవసరపు గర్భసంచి ఆపరేషన్లను అడ్డుకోవాలని రాష్ట్రాలకు చెప్పింది. కాబట్టి "సంచి తీసేద్దాం" అనే మాట వినగానే ఇంకో డాక్టర్ని అడగాల్సిందే.

డాక్టరమ్మ_నైట్‌డ్యూటీ
జూన్ 15, రాత్రి 10:37

ఇక్కడ చాలామందికి నేను తెలుసు, ప్రభుత్వాస్పత్రిలో గైనకాలజిస్టుని. ఇది ప్రిస్క్రిప్షన్ కాదు, మీ డాక్టర్‌తో మాట్లాడడానికి పనికొచ్చే మాటలు.

టీచర్ గారూ, అవసరమో కాదో తేల్చే రక్తపరీక్ష లేదు. 45 దాటి, నెలసరి గాడి తప్పి, ఆవిర్లు వస్తుంటే అదే నిర్ధారణ. ఎఫ్‌ఎస్‌హెచ్ ఈ దశలో ఇవాళ 11 ఉంటుంది, వచ్చే నెల 40 ఉంటుంది, ఆ పై నెల మళ్ళీ 9. అండాశయం ఒక నెల మొరాయిస్తుంది, ఇంకో నెల ఉన్నదంతా ఊడ్చిపెట్టి పనిచేస్తుంది. అందుకే అది తయారుచేసే ఈస్ట్రోజన్ అనే హార్మోన్ ఒక్కోసారి మామూలుకంటే ఎక్కువ కూడా ఉంటుంది. "హార్మోన్ తగ్గిపోయింది, నింపుదాం" అని చెప్పేది పూర్తిగా నిజం కాదు. ఇది తగ్గడంకన్నా ఎగుడుదిగుడు. ఆ పరీక్ష పనికొచ్చేది 40 లోపు వాళ్ళకి, 40-45 మధ్య అనుమానం ఉన్నవాళ్ళకి.

మరి అవసరం ఎలా తేలుతుంది? మీరే తేల్చాలి. "ఇది నా బతుకుని ఎంత నలిపేస్తోంది" అన్నదే కొలత. విశాఖ వదిన గారు వద్దనుకోవడం సరైన నిర్ణయమే. రోజుకి నాలుగు ఆవిర్లు, మంచి నిద్ర, అలాంటప్పుడు మందు దేనికి? మీకు నిద్ర లేదు, ఉద్యోగంలో తడబడుతున్నారు. మీరు అడగడమూ సబబే.

కానీ మీ విషయంలో హార్మోన్ గురించి ఆలోచించేముందు ఇంకొకటి ఉంది. 11 రోజులు, గడ్డలతో. ముగ్గురు డాక్టర్లలో ఒక్కరైనా హిమోగ్లోబిన్ చూశారా? లోపలి నుంచి స్కాన్ చేశారా? 45 దాటాక ఇలా ఎక్కువగా, క్రమం లేకుండా పోతుంటే గర్భసంచి లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాలి. ఎందుకు పోతోందో తెలియకుండా ఈస్ట్రోజన్ మొదలుపెట్టకూడదు. ఇది మాత్రం బేరం లేని నియమం. థైరాయిడ్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), షుగర్ కూడా చూపించండి. రక్తం తక్కువైతే గుండెదడ, నీరసం, మతిమరుపు, జుట్టు రాలడం అన్నీ వస్తాయి. అవన్నీ మెనోపాజ్ (ముట్లుడగడం) ఖాతాలో రాసేస్తారు.

పెద్దమ్మ విషయం: ఒక్క దూరపు చుట్టానికి, అదీ పెద్ద వయసులో వస్తే, దానివల్ల మీకు హార్మోన్లు నిషేధం కాదు. అమ్మకో, అక్కాచెల్లెళ్ళకో, చిన్న వయసులో వచ్చి ఉంటే లెక్క మారుతుంది. మామోగ్రామ్ (రొమ్ముల ఎక్స్‌రే) ఒకటి ఎలాగూ చేయించండి.

ఇంకా, ఆ బీరువాలో ఉన్న మాత్రల పేరు చెప్పండి.

గోదారి_లెక్కల_టీచర్
జూన్ 16, ఉదయం 5:50

డాక్టరమ్మా, చదువుతుంటే కళ్ళు చెమ్మగిల్లాయి. ఇంత సేపు నాతో ఎవరూ మాట్లాడలేదు.

అట్ట మీద ఈస్ట్రాడియోల్ వాలరేట్ 2 మిల్లీగ్రాములు అని ఉంది. అదొక్కటే, ఇంకేమీ లేదు.

డాక్టరమ్మ_నైట్‌డ్యూటీ
జూన్ 16, మధ్యాహ్నం 2:15

ముట్టుకోకండి. అది ఉత్త ఈస్ట్రోజన్ మాత్ర. మంచి పని చేశారు బీరువాలో పెట్టి.

గర్భసంచి ఉన్నవాళ్ళకి ఈస్ట్రోజన్ ఒక్కటే ఇవ్వకూడదు. అది లోపలి పొరని పెంచుతూ పోతుంది, ఏళ్ళ తరబడి అలా వాడితే క్యాన్సర్‌కి దారి తీస్తుంది. దానికి జోడీగా ఆ పొరని అదుపులో ఉంచే ప్రొజెస్టరోన్ అనే రెండో హార్మోన్ ఉండాలి. నెలసరి ఇంకా వస్తున్నవాళ్ళకి సాధారణంగా నెలకి 12 నుంచి 14 రోజులు రాత్రిపూట ప్రొజెస్టరోన్ ఇస్తాం, తర్వాత నెలసరిలాగా కొద్దిగా పోతుంది. చందన గారిలా గర్భసంచి లేనివాళ్ళకి ఈస్ట్రోజన్ ఒక్కటి చాలు. మీకు రాసిన ఆవిడ రెండోది రాయడం మరిచారో, చీటీలో తప్పిందో నాకు తెలియదు. అడగండి.

అట్లాంటా_సుధ
జూన్ 16, సాయంత్రం 6:40

అందరూ భయపడే ఆ క్యాన్సర్ వార్త ఎక్కడ పుట్టిందో చెబుతాను. నాకిది నిద్ర లేని రాత్రుల్లో పట్టుకున్న పిచ్చి, మూలం దాకా వెళ్ళి చదివాను.

అమెరికాలో విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ అని పెద్ద పరిశోధన జరిగింది. గర్భసంచి ఉన్న 16,608 మందికి, సగం మందికి హార్మోన్ మాత్ర, సగం మందికి ఉత్తుత్తి మాత్ర. 2002 జూలైలో మధ్యలోనే ఆపేశారు, రొమ్ము క్యాన్సర్ పెరిగిందని. పేపర్లన్నీ హోరెత్తాయి. లక్షలమంది మాత్రలు పారేశారు.

కానీ అసలు అంకె చూడండి, టీచర్ గారికి ఇది నచ్చుతుంది. ఏడాదికి 10,000 మందిలో ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 30 మందికి రొమ్ము క్యాన్సర్ వస్తే, హార్మోన్ వాడినవారిలో 38 మందికి వచ్చింది. అంటే 8 మంది ఎక్కువ. పేపర్లో "26 శాతం పెరిగింది" అని వేశారు. రెండూ ఒకటే లెక్క, రెండో దాన్ని చదివితే గుండె ఆగుతుంది. పక్షవాతం కూడా 10,000 మందికి 8 ఎక్కువ, తుంటి ఎముక విరగడం 5 తక్కువ.

ఇంకో సంగతి: వాళ్ళ సగటు వయసు 63. అంటే ముట్లుడిగి పదేళ్ళు దాటినవాళ్ళే ఎక్కువ. 46 ఏళ్ళ మనిషిని చూసి చెప్పిన మాట కాదు అది. వాడింది కూడా గుర్రం మూత్రం నుంచి తీసిన ఈస్ట్రోజన్, ఒక పాతరకం ప్రొజెస్టిన్ (ప్రొజెస్టరోన్ లాంటి మందు). గర్భసంచి లేనివాళ్ళకి ఈస్ట్రోజన్ ఒక్కటే ఇచ్చిన రెండో భాగంలో రొమ్ము క్యాన్సర్ పెరగలేదు, పైగా కాస్త తగ్గింది.

ఇది చూసి నేను చర్మానికి రాసే ఈస్ట్రోజన్ జెల్ మొదలుపెట్టాను, 48లో. చెప్పుకోవాలి కదా, ఇక్కడ ఇంకో పక్క కూడా ఉంది. చర్మం కింద హార్మోన్ గుళికలు పెట్టే క్లినిక్కులు వీధికొకటి వెలిశాయి. "సహజమైనది, మీ శరీరానికి సరిపడా తయారుచేసింది" అంటారు. ఎవరూ పరీక్షించని సరుకు అది, ఒకసారి పెడితే తీయడానికి లేదు. ఆ మాయలో పడకండి.

ఫార్మసీ_రమణ
జూన్ 16, రాత్రి 9:02

మగవాణ్ణి, మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. మందుల షాపు నాది, తణుకు వైపు.

ఒక విచిత్రం చెప్పాలి. శ్రావణమాసం వస్తే మా షాపులో వరలక్ష్మీ వ్రతానికి, తిరుపతి ప్రయాణానికి, ఇంట్లో పెళ్ళికి ముట్టు వాయిదా వేసే మాత్రలు అట్టలకి అట్టలు పోతాయి. డాక్టర్ చీటీ అడిగితే "పూజకండీ" అని కోప్పడతారు. నారెథిస్టిరోన్ 5 మిల్లీగ్రాములు, రోజుకి మూడు. అది హార్మోనే కదా! పైగా ఆ మోతాదులో కొంత భాగం ఒంట్లోకి వెళ్ళాక గర్భనిరోధక మాత్రల్లో ఉండే ఈస్ట్రోజన్‌గా మారుతుంది. కాళ్ళలో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్ళు దాన్ని ముట్టుకోకూడదు. ఎవరూ అడగరు, ఎవరూ భయపడరు. అదే మనిషి నిద్ర లేక చచ్చిపోతూ డాక్టర్ జెల్ రాస్తే, "అమ్మో హార్మోన్ అంట, వద్దు" అని చీటీ తిరిగి ఇచ్చేస్తుంది.

విశాఖ_వదిన
జూన్ 16, రాత్రి 9:30

రమణ గారూ, తల కొట్టేసినట్టయింది. నేను నా మేనకోడలి పెళ్ళికి, రెండు వ్రతాలకి వేసుకున్నా అవి. "హార్మోన్లు వాడకుండా గట్టెక్కాను" అని పైన గొప్పగా రాసుకున్నా!

ఈ దశలో పూజలకి వచ్చే ఇబ్బంది ఎవరూ చెప్పరు. ఎప్పుడొస్తుందో తెలియదు, ఆవకాయ కలుపుతూ ఉండగానే మొదలైంది నాకు ఒకసారి. అత్తగారు జాడీ వంకా నా వంకా చూశారు. ఆ ఏడాది ఆవకాయ బూజు పట్టలేదు, అది కూడా చెప్పాలి.

ఎడమ_వైపు_మచ్చ
జూన్ 17, ఉదయం 8:45

నాకు 44లో రొమ్ము క్యాన్సర్ వచ్చింది, ఆపరేషన్, కీమో అయ్యాయి. క్యాన్సర్ తిరిగి రాకుండా టామాక్సిఫెన్ మాత్ర వాడుతున్నాను. ఆవిర్లు రోజుకి ఇరవై. నాలాంటివాళ్ళకి హార్మోన్ తలుపు మూసేసినట్టే. అప్పుడు ఏముంది అని ఎవరైనా చదువుతుంటే వాళ్ళ కోసం రాస్తున్నా: నాకు వెన్లాఫాక్సిన్ (డిప్రెషన్‌కి వాడే మందు) తక్కువ మోతాదులో ఇచ్చారు, ఆవిర్లు ఇరవై నుంచి ఎనిమిదికి దిగాయి. మరీ రాత్రిళ్ళు ఇబ్బంది అయినవాళ్ళకి గాబాపెంటిన్ (నరాల నొప్పికి వాడే మందు) కూడా ఇస్తారు. పారాక్సెటీన్ అనే ఇంకో డిప్రెషన్ మందు మాత్రం టామాక్సిఫెన్ పనిని తగ్గిస్తుంది, ఆ రెండూ కలపకూడదని మా క్యాన్సర్ డాక్టర్ గట్టిగా చెప్పారు. ఆలోచనల్ని మళ్ళించుకునే పద్ధతి నేర్పే కౌన్సెలింగ్ కూడా పనిచేసింది, నేను నమ్మకుండానే వెళ్ళాను.

నువ్వులుండ గారు సోయా అన్నారు కదా, సోయా మాత్రలు మాత్రం నాలాంటివాళ్ళు డాక్టర్ని అడగకుండా మింగకండి. కూరలో వేసుకునే సోయా గురించి కాదు నేనంటున్నది.

నువ్వులుండ
జూన్ 17, ఉదయం 9:20

ఎడమ వైపు మచ్చ గారూ, మీకు నమస్కారం. ఆ మాత్రల సంగతి నేను ఆలోచించలేదు. నువ్వులుండల్లో కాల్షియం ఉందన్నది మాత్రం వదలను.

డాక్టరమ్మ_నైట్‌డ్యూటీ
జూన్ 17, రాత్రి 11:10

వదలనక్కర్లేదు, ఎముకలకి మంచిదే. ఆవిర్లకి మందు కాదు, అంతే.

మచ్చ గారు చెప్పినట్టు కొందరికి హార్మోన్లు కుదరవు. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్ళు, కారణం తెలియకుండా రక్తం పోతున్నవాళ్ళు, గుండెపోటో పక్షవాతమో వచ్చినవాళ్ళు, లివర్ జబ్బు ముదిరి ఉన్నవాళ్ళు. రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉంటే నిపుణులు చూసి చెప్పాలి. ఈస్ట్రోజన్ మాత్ర మింగితే లివర్ మీదుగా వెళ్ళి గడ్డకట్టే గుణాన్ని పెంచుతుంది, చర్మానికి రాసే జెల్‌తో ఆ పెరుగుదల కనిపించలేదు. బీపీ, ఎక్కువ బరువు, మైగ్రేన్ ఉన్నవాళ్ళకి జెల్ వైపు మొగ్గడానికి అదే కారణం.

ఇంకొక మాట అడగకుండానే చెబుతున్నా. ఈ దశలో గర్భం రాదనుకోకండి. నా ఓపీలో 47 ఏళ్ళ ఆవిడ "ముట్లుడిగాయి" అనుకుంటూ నాలుగో నెలతో వచ్చారు, పక్కన డిగ్రీ చదివే కూతురు. హార్మోన్ థెరపీ గర్భనిరోధకం కాదు. 50 లోపు చివరి నెలసరి నుంచి రెండేళ్ళు, 50 దాటితే ఏడాది జాగ్రత్త పడాలి.

చందన గారూ, మీకు విడిగా సందేశం పంపాను. 45కి ముందే అండాశయాలు పోయినవాళ్ళకి ఎముకల కోసం, గుండె కోసం కనీసం మామూలు మెనోపాజ్ వయసు దాకా హార్మోన్ ఇవ్వాలన్నది అందరూ ఒప్పుకునే మాట. మన దేశంలో ఆ సగటు 46-47. మీకు 42 కదా, ఆలస్యమైంది కానీ సమయం మించలేదు.

టీచర్_గారి_ఆయన
జూన్ 18, రాత్రి 10:05

టీచర్ నా భార్యే. ఈ పేజీ తనే చూపించింది. తను నా మీద అరిచినప్పుడల్లా ఉద్యోగం ఒత్తిడి అనుకునేవాణ్ణి. నేనూ తిరిగి అరిచేవాణ్ణి. రాత్రి ఏసీ తను 20లో పెడితే నేను 26కి పెంచేవాణ్ణి, దాని మీదే సగం గొడవలు. ఇప్పుడు దుప్పటి రెండోది కొన్నాను. శనివారం స్కానింగ్‌కి నేనే తీసుకెళ్తున్నా.

గోదారి_లెక్కల_టీచర్
జూలై 12, సాయంత్రం 7:25

ఇదిగో ఫలితాలు. హిమోగ్లోబిన్ 8.9, ఫెరిటిన్ 6, రెండూ తక్కువే. థైరాయిడ్ బాగానే ఉంది. స్కాన్‌లో రెండు సెంటీమీటర్ల చిన్న గడ్డ, గర్భసంచి గోడలో. పొర 13 మిల్లీమీటర్లు. ముక్క తీసి పంపారు, క్యాన్సర్ లేదు, హార్మోన్ ఎగుడుదిగుడు వల్ల పొర పెరిగిందని వచ్చింది. ఆ రిపోర్టు కోసం ఆగిన ఎనిమిది రోజులు నా జీవితంలో మళ్ళీ వద్దు.

ఇప్పుడు కొత్త డాక్టర్. మా ఊళ్ళోనే, నలభై నిమిషాలు మాట్లాడారు! రెండు నెలలు డైరీ రాయమన్నారు: ఆవిర్లు ఎన్ని, ఎన్నిసార్లు మెలకువ, ఎంత పోయింది. లెక్కల టీచర్ని, గడులు గీసి పెట్టేశాను. సెలైన్‌లో ఐరన్ ఎక్కించారు. మొదట రక్తం సంగతి తేల్చి, ఆ తర్వాత మిగిలినదానికి హార్మోన్ కావాలా అని చూద్దామన్నారు.

గోదారి_లెక్కల_టీచర్
సెప్టెంబర్ 6, రాత్రి 9:40

డైరీ చెబుతున్నది: ఐరన్ ఎక్కాక గుండెదడ పోయింది, మెట్లెక్కితే ఆయాసం లేదు. క్లాసులో మతిమరుపు సగానికి తగ్గింది. అంటే నేను మెనోపాజ్ అనుకున్నదాంట్లో కొంత ఉత్త రక్తహీనత. కానీ రాత్రి చెమటలు అలాగే ఉన్నాయి, రోజూ సగటున 4 సార్లు మెలకువ. ఆవిర్లు పగలు 7, 8. అందులో ఐరన్ ఏమీ చేయలేదు.

వరలక్ష్మీ వ్రతం అయ్యాక మిరెనా వేయించుకున్నాను. కాపర్ టీ లాంటిదే కానీ ప్రొజెస్టిన్ ఉంటుంది లోపల. రక్తస్రావం తగ్గుతుంది, గర్భం రాదు, రేపు ఈస్ట్రోజన్ వాడాల్సి వస్తే పొరకి కాపలా కూడా అదే. ఒక్క దెబ్బకి మూడు. వేసేటప్పుడు నొప్పి బాగానే ఉంది, "కాస్త గిల్లినట్టుంటుంది" అన్న నర్సుతో నాకు ఏకీభావం లేదు. మొదటి మూడు నుంచి ఆరు నెలలు చుక్కలు చుక్కలుగా మరక కనబడుతుందని ముందే చెప్పారు. కనబడుతోంది.

విశాఖ_వదిన
సెప్టెంబర్ 7, ఉదయం 6:30

టీచరమ్మా, నీ ధైర్యం చూసి నేనూ ఒకటి అడుగుతున్నా, సిగ్గు విడిచి. ముట్లుడిగి మూడేళ్ళయింది కదా, ఇప్పుడు కింద పొడిబారి మంట. ఏడాదిలో నాలుగుసార్లు మూత్రంలో ఇన్ఫెక్షన్. ప్రతిసారీ యాంటీబయాటిక్. మా ఆయన దగ్గరికొస్తే పారిపోతున్నా. దీనికీ హార్మోనేనా?

డాక్టరమ్మ_నైట్‌డ్యూటీ
సెప్టెంబర్ 7, రాత్రి 11:55

హార్మోనే, కానీ ఒంటికి కాదు, అక్కడికి మాత్రమే. ఎస్ట్రియోల్ అనే ఈస్ట్రోజన్ క్రీమ్, మొదట రెండు వారాలు రోజూ, తర్వాత వారానికి రెండుసార్లు. రక్తంలోకి వెళ్ళేది నామమాత్రం, దానికి ప్రొజెస్టరోన్ జోడీ కూడా అక్కర్లేదు. ఇన్ఫెక్షన్లు కూడా తగ్గుతాయి. ఆవిర్లు కొన్నేళ్ళకి వాటంతటవే తగ్గుతాయి, ఇది తగ్గదు, వయసుతో పెరుగుతుంది. సిగ్గుపడి ఓర్చుకునేవాళ్ళే ఎక్కువ. ముట్లు ఆగాక మళ్ళీ ఎప్పుడైనా రక్తం కనబడితే మాత్రం క్రీమ్ మీద నెపం పెట్టకుండా వెంటనే చూపించుకోండి.

గోదారి_లెక్కల_టీచర్
నవంబర్ 22, రాత్రి 10:20

అక్టోబర్ 2న జెల్ మొదలుపెట్టాను. రోజుకి ఒక పంపు, చేతికి రాసుకోవడం. మొదటి రెండు వారాలు రొమ్ములు బరువుగా, నొప్పిగా ఉన్నాయి, మానేద్దామనుకున్నా. మూడో వారం నుంచి రాత్రి మెలకువ ఒకసారి. ఇప్పుడు ఆవిర్లు పగలు ఒకటో రెండో, ఒక్కో రోజు అసలు లేవు. డైరీలో గడులు ఖాళీగా పోతుంటే ఎంత సంతోషమో.

ఇది శాశ్వతం అనుకోవడం లేదు. మూడు నెలలకి చూసి, తర్వాత ఏడాదికోసారి కావాలా వద్దా అని మళ్ళీ అడుగుదామన్నారు డాక్టర్. మోకాళ్ళ నొప్పులు ఏమీ తగ్గలేదు, అది కూడా రాస్తున్నా. చిరాకు తగ్గిందో లేదో మా ఆయన్ని అడగండి.

కార్తీకమాసం అంతా మరక కనబడుతూనే ఉంది. సోమవారాలు గుడికి వెళ్ళాలా వద్దా అని తటపటాయిస్తుంటే మా అత్తగారు, "అది ముట్టా, మందా?" అని అడిగారు. మందే అన్నాను. "అయితే దీపం వెలిగించు, మందుకి మైలేమిటి" అన్నారు. 79 ఏళ్ళ మనిషి.

అట్లాంటా_సుధ
నవంబర్ 23, ఉదయం 7:15

అత్తగారికి నా తరఫున నమస్కారం చెప్పండి. ఇక్కడ ఈ నెలలోనే ఎఫ్‌డీఏ (మందుల్ని అనుమతించే అమెరికా ప్రభుత్వ సంస్థ) వాళ్ళు హార్మోన్ మందుల పెట్టెల మీద 2003 నుంచి ఉన్న నల్లగీత హెచ్చరికల్లో గుండెజబ్బు, రొమ్ము క్యాన్సర్, మతిమరుపు జబ్బు గురించిన వాటిని తీసేస్తామని ప్రకటించారు. గర్భసంచి ఉన్నవాళ్ళు ఈస్ట్రోజన్ ఒక్కటే వాడకూడదన్న హెచ్చరిక మాత్రం ఉంచుతున్నారు. ఇప్పుడు దీన్ని చూసి అందరికీ అన్నిటికీ హార్మోనే మందు అని ఎగబడతారేమో అని నా భయం.

చందన_నల్గొండ
నవంబర్ 23, ఉదయం 9:50

నేను కూడా ఆగస్టు నుంచి జెల్ రాసుకుంటున్న. తొమ్మిదేండ్ల తర్వాత పూర్తి రాత్రి పండుకున్న. అప్పుడే రాసి ఉంటే అన్న కోపం మాత్రం పోతలేదు.

డాక్టరమ్మా, ఒకటి అడగాలె. మా అక్క మనవడు రెండేండ్లోడు, ఎప్పుడూ నా చంకలనే ఉంటడు. చేతికి జెల్ రాసుకుని వాణ్ణి ఎత్తుకుంటే వానికి అంటుతదా?

డాక్టరమ్మ_నైట్‌డ్యూటీ
నవంబర్ 23, రాత్రి 10:48

అంటుతుంది, మంచి ప్రశ్న అడిగారు. చేతికి బదులు తొడ లోపలివైపు రాసుకోండి. ఐదు నిమిషాలు ఆరనిచ్చి బట్ట కట్టుకోండి, చేతులు సబ్బుతో కడుక్కోండి. గంట దాకా ఆ చోటు తడపకండి, వాడి ఒంటికి తగలనివ్వకండి. రాత్రి వాడు పడుకున్నాక రాసుకుంటే ఈ గొడవే ఉండదు. రొమ్ముల మీద మాత్రం ఎప్పుడూ రాయకండి.